దక్షిణం తలాపు

కొత్తగా డాక్టరైన ఆ రోజుల్లో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. తెలియకపోవడమన్నది నెమ్మదిగా, అనుభవం మీద వస్తుంది. హోసూరులో ఒక స్కానింగ్ సెంటర్లో చేరినప్పుడు నేనూ అలాగే తల ఎగరేసుకుని తిరిగేదాన్ని. అప్పటిదాకా నావన్నీ పొట్ట స్కానులే. కంట్లో నెత్తురు ఎలా పారుతోందో చూసే స్కాను మాత్రం మా పెద్ద డాక్టరమ్మే చేసేది. ఒక ఉదయం ఆమె, "ఈ కేసు నువ్వే చెయ్యి. బాగా వస్తే రేపట్నుంచి కళ్లన్నీ నీవే, రాకపోతే మళ్లీ పొట్టలే" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. (ఆమె అలా కూర్చుంటే ఏసీలో కూడా నాకు చెమటలు పట్టేవి.)

వచ్చింది అత్తిముగం అనే ఊరి అవ్వ. షుగరుతో కన్ను మసకేసింది. మంచం ఎక్కబోయి, కిటికీలో ఎండ చూసి ఆగిపోయింది.

"పాపా, ఇది ఉత్తరం తలాపు గదా. నేను పండుకోను."

"కాసేపే గదా అవ్వా."

"ఉత్తరానికి తల పెట్టుకోని పండుకుంటే మళ్లా లేసేది ఉండదు. నాకు చేన్లో రాగి కోత ఉండాది."

నా చదువంతా విప్పి చెప్పాను. అవ్వ ఓపిగ్గా విని, "సరేమ్మా, ఇంట్లో నువ్వు యా దిక్కుకి పండుకుంటావు?" అంది. మా అమ్మ భయానికి నాదీ దక్షిణం తలాపే.

తలగడ అటు మార్చాం. అవ్వ హాయిగా పడుకుంది. మిషను మాత్రం వైరు చాలక పాత తలాపు దగ్గరే ఉండిపోయింది. కుడిచేయి మిషను మీద, ఎడమచేయి స్కాను చేసే ప్రోబుతో అవ్వ మూసిన కనురెప్ప మీద, మధ్యలో నేను, ఆరేసిన చీరలా. నా ఎడమచేతికి అప్పటిదాకా గడియారం మోయడమే పని. జెల్లు కంటికి కొంత, చెవికి కొంత పూసింది. చివరికి తెర మీద ఎర్రటి చుక్కలు మెరిసి, టుస్సు టుస్సుమని చప్పుడొచ్చింది.

"అదేంది పాపా?" అనగానే కన్ను కదిలి చప్పుడు పోయింది.

"నీ కంట్లో పారే నెత్తురవ్వా. మాట్లాడితే కనబడదు."

ఆ తర్వాత అవ్వ ఊపిరి కూడా నన్నడిగి పీల్చినంత పని చేసింది. గీతలు చక్కగా వరస కట్టాయి. నాకు గంతులేయాలనిపించింది. పెద్ద డాక్టరమ్మ లేచి చూసి, "నెత్తురు బాగా పారతాండాదమ్మా" అని అవ్వతో చెప్పి, నాకేసి తిరిగి, "కళ్లు నీవే. ముందు మంచం తిప్పించు" అంది.

ఇప్పుడు కృష్ణగిరిలో నా సెంటర్లో మంచం మొదటినుంచీ దక్షిణం తలాపే, మిషనూ దాని పక్కనే. అయినా కంటి స్కాను వస్తే ఎడమచేయే ముందుకొస్తుంది. కొత్తగా చేరిన డాక్టరు పిల్ల (అచ్చం నాలాగే తల ఎగరేసుకుని తిరుగుతుంది, చూస్తే ముద్దొస్తుంది) మొన్న అడిగింది, "మీది ఎడమచేతి వాటమా మేడం?" అని.

"కళ్లకు మాత్రమే" అన్నాను.