మస్కట్‌లో మా అత్త వేసిన గాలం

మొన్న భూపాలపల్లిలో ఆఫీసు నుంచి బయటికి వస్తుంటే జనగామ నుంచి మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది అల్లుడా" అన్నాడు. చెల్పూర్ వైపు పోయే లారీల మోత తప్ప ఆయనకు నా వైపు నుంచి ఏమీ వినిపించి ఉండదు. ఆమె మా అమ్మ తమ్ముడి భార్య. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో జనగామలో వాళ్లింట్లోనే ఉన్నాను. పేరున్న మనిషేమీ కాదు. అయినా ఆమె గురించి నలుగురికీ చెప్పకపోతే నాకు తోచేట్టు లేదు.

మామ కొడకండ్ల దగ్గర బడిలో సారు. ఆదివారం వస్తే చాలు, గాలం భుజాన వేసుకుని చెరువుకు పోయేవాడు. అత్తకు చేపల వాసనే పడదు. అయినా ఆయన ఎర కోసం వానపాములు తవ్వేది ఆమే. బట్టలుతికే బండ వెనక, తడిమట్టి నింపిన పాత డబ్బాలో వాటిని దాచేది. సాయంత్రం ఆయన రెండు వేళ్లంత చేపతో తిరిగొస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "గింత చేపను గుంజెటందుకు గంత పెద్దమనిషి గావాల్నా?" అనేది. అంటూనే పొయ్యి వెలిగించేది.

ఆమెకు ఊతపదం ఒకటుంది. ఎవరొచ్చి ఏ కష్టం చెప్పుకున్నా చివరిదాకా విని, "గంతేనా? నేనింకేందో అనుకున్న" అనేది. వాళ్ల కష్టాన్ని చులకన చేసి కాదు. ఆ మాట అన్నాక లేచి, చెప్పులు వేసుకుని, దవాఖానకో తహసీల్ ఆఫీసుకో వాళ్లతో బయల్దేరేది.

వేరే దేశం పోయి చేపలు పట్టాలన్న ఆలోచన కూడా ఆమెదే. ఆమె పుట్టిల్లు మహబూబాబాద్ పక్కన. తమ్ముడు మస్కట్‌లో డ్రైవర్. శుక్రవారం సెలవు రోజున అక్కడ సముద్రం ఒడ్డున కూర్చుని గాలాలు వేస్తారని అతను ఫోన్‌లో చెప్పాడు. ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. "మీ మామ పుట్టి బుద్దెరిగిన సంది గీ చెరువుల్నే సూసిండు. అవుతలి ఒడ్డు కనవడని నీళ్లల్ల ఒక్కసారన్న గాలం ఎయ్యాలె" అని నాతో అంది. పట్టుబట్టి పాస్‌పోర్టులు చేయించింది. తమ్ముడితో వీసాలు తెప్పించింది. దసరా సెలవులకు టికెట్లు తీయించింది. మామ మాత్రం మస్కట్ చేప ఏ ఎరకు పడుతుందో తెలియక పరేషాన్ అయ్యాడు. వానపాముల డబ్బాను విమానంలో రానిస్తారా అని నన్ను నిజంగానే అడిగాడు.

చిక్కంతా చుట్టుపక్కల వాళ్లతో వచ్చింది. మా వైపు నుంచి గల్ఫ్‌కు పోయేది కూలి పనికే. సరదాకు పోతున్నామంటే ఎవరు నమ్ముతారు? సారుకు ఏదో ఆపద వచ్చిందనుకుని కొందరు పరామర్శకు వచ్చారు. "కంపెనీ మంచిదేనా సారూ?" అని జాలిగా అడిగారు. ఆ తర్వాత మూటలు రావడం మొదలైంది. తెచ్చింది కొడకండ్ల చుట్టూ ఉన్న తండాల తల్లులు. వాళ్ల కొడుకులు ఒకప్పుడు మామ దగ్గర చదువుకున్నవాళ్లు, ఇప్పుడు మస్కట్‌లో ఇటుకలు మోస్తున్నవాళ్లు. మురుకులు, మామిడికాయ తొక్కు, కొత్త అంగీలు ముందు గదిలో కుప్పపడ్డాయి. తండాలో అమ్మను యాడి అంటారు. అత్త వాళ్లందరినీ "యాడీ" అనే పిలిచేది. ఒకామె మాత్రం ఉత్త చేతులతో వచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని, "నా కొడుకును జర ముట్టి సూసి రా అక్కా. ఫోన్ల బాగున్న బాగున్న అంటడు. సన్నబడ్డడో ఏమో" అంది. "గంతేనా?" అంది అత్త. ఆమె వెళ్లిపోయాక వంటింట్లోకి పోయి ఏడ్చింది.

అంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బళ్లు, ఆఫీసులు, బస్సులు అన్నీ బంద్. జనగామ చౌరస్తాలో టెంటు వేసుకుని మేమంతా కూర్చున్నాం. ఒకరోజు ఒక పెద్దాయన మైకు అందుకుని, కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనదాన్ని వదిలి వచ్చినట్టు, రాష్ట్రం వచ్చేదాకా మనం కూడా తలా ఒకటి వదులుదామన్నాడు. ఒకాయన చెప్పులు వదిలాడు. ఇంకొకాయన గడ్డం గీసుకోనన్నాడు. మైకు మామ చేతికొచ్చింది. దొంగమాట చెప్పడం చేతకాని మనిషి. "నాకు అన్నిటికన్న పానం గాలం మీద. తెలంగాణ వచ్చేదాక దాన్ని ముట్ట" అన్నాడు. టెంటంతా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలోనే ఆయనకు టికెట్లు గుర్తొచ్చినట్టున్నాయి, ముఖం పాలిపోయింది.

ఇంటికి పోతుంటే నన్ను ముందు నడవమని తాను వెనక నడిచాడు. అత్త మూటల మధ్య కూర్చుని వాటి మీద పేర్లు రాస్తోంది. విషయం విన్నాక "గంతేనా" అనలేదు.

"మొక్కెటప్పుడు నేను యాదికి రాలేదా?" అంది.

"నోట్లెకెళ్లి అచ్చింది. నలుగుట్ల అన్నంక ఇగ ఎట్ల తప్పుత?"

"తప్పుమని నేనన్ననా?"

గాలం ముట్టకుండా సముద్రం పక్కన కూర్చోవడం తన వల్ల కాదన్నాడు మామ. టెంటు విడిచి పోవడం అంతకన్నా కాదన్నాడు. టికెట్లు వాపసు చేద్దామన్నాడు. ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. నాకు మామ మీద పట్టరాని కోపం వచ్చింది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి ఒక్కటి అనుకుంటే అదీ ఇట్లా అయిందే అనిపించింది. ఆ ముందు గది నిండా ఉన్న మూటల్ని ఏ ముఖం పెట్టుకుని తిరిగిస్తాం?

పొద్దున చాయ్ అందిస్తూ అత్త తేల్చి చెప్పింది. "మాటిచ్చింది నువ్వు, నేను గాదు. నువ్వు టెంట్ల కూసో. నేను పోత."

వరంగల్ కూడా ఒంటరిగా పోయి ఎరగని మనిషి. బస్సులు లేవు, రైళ్లు ఎక్కడ ఆగుతాయో తెలియదు. జీపు మాట్లాడి నేనే హైదరాబాద్ తీసుకుపోయాను. దారి పొడవునా రాస్తారోకోలే. ఒకచోట యువకులు అడ్డం నిలబడి, "ఎటు పోతున్నవమ్మా? బంద్ అని ఎర్కలేదా?" అన్నారు. "మస్కట్‌కు బిడ్డా, చేపలు వట్టెటందుకు" అంది అత్త. వాళ్లు పడీపడీ నవ్వారు. ఆ మూటలు ఎవరివో నేను చెప్పాక నవ్వు ఆగింది. ఒకతను బైకు మీద జీపుకు ముందు పోయి, తర్వాతి శిబిరం దాకా దారి ఇప్పించాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం టెంట్లో కూర్చుని ఉండగా మామ ఫోన్ మోగింది.

"ఒడ్డు మీద కూసున్న. తమ్ముడు గాలం చేతికిచ్చిండు. ఇగ జెప్పు, ఎట్లెయ్యాలె?"

మామ వదిలింది గాలం ముట్టడాన్ని. దాని గురించి మాట్లాడటాన్ని కాదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, "బెండును సూడు. ఊగితె గుంజకు, మునిగితెనే గుంజు" అన్నాడు. ఎవరో మైకులో పాట ఆపేశారు. అటు అలల చప్పుడు, ఇటు మేమందరం చెవులు రిక్కించుకుని.

"మునిగిందయ్యో!"

"గుంజు! అద్దద్దు, జర సడలియ్యి! ఇప్పుడు గుంజు!" మామ చెయ్యి ఆయనకు తెలియకుండానే గాలిలో ఊగుతోంది. చెప్పులు వదిలినాయన లేచి నిలబడ్డాడు.

"బరువున్నది... అగో, కనవడ్డది!" తర్వాత హోరు తప్ప ఏమీ వినిపించలేదు. కాసేపటికి, "తెగింది" అంది.

టెంటంతా ఉసూరుమంది.

"పోనీ తియ్యి. పెద్దదే. నేను సూసిన" అంది అత్త. మామను ఓదార్చినట్టే ఉంది ఆ గొంతు.

తిరిగొచ్చాక తండాతండా తిరిగి ప్రతి తల్లికీ కబురు చెప్పింది. ఉత్త చేతులతో వచ్చినామెను ముందు కూర్చోబెట్టి, "చెంపలు ముట్టి సూసిన యాడీ. సన్నబడ్డడు, అబద్ధం జెప్ప. కని నవ్వుతున్నడు" అని ఆమె చెంపలు తన చేతుల్లోకి తీసుకుంది.

రాష్ట్రం వచ్చాక మామ మళ్లీ గాలం పట్టాడు. మస్కట్ మాత్రం ఇద్దరూ కలిసి పోలేకపోయారు. ముందు ఆయన మోకాళ్లు, ఆ తర్వాత ఆమె జబ్బు. ఇంటికి ఎవరొచ్చినా మామ ఆ ఫోన్ ముచ్చట చెప్పి, చివర్లో, "ఎంతుండెనే ఆ చేప?" అని అడిగేవాడు. అత్త రెండు చేతులూ చాచి చూపించేది. ఏటికేడు అది పెరుగుతూ పోయింది. మేం నవ్వితే ఆమె ఇంకాస్త చాచేది.

చివరిసారి దవాఖానలో చూసినప్పుడు ఆమెకు అప్పటికే మాట పడిపోయింది. మామ మంచం పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగి, "ఎంతుండెనే ఆ చేప?" అని అడిగాడు. తర్వాత సూది గుచ్చిన చెయ్యి ఒక పక్కకు, రెండో చెయ్యి ఇంకో పక్కకు దుప్పటి మీద మెల్లగా జరిగాయి. మంచం అంచుల దాకా జరిగాయి. నర్సు గాబరాపడి, "ఏం గావాల్నంట?" అంది.

"ఏం అద్దు బిడ్డా" అన్నాడు మామ. "చేపను సూపెడుతున్నది."

ఆ చేతులు చాలాసేపు అలాగే ఉన్నాయి.