పెరటాసి నెలా, నా కండా

వేళకు తిని, వేళకు పడుకుని కండ పెంచడం ఎవరైనా చేస్తారు. ఏ పూట ఏ పని మీద పడుతుందో తెలియని సైన్యంలో ఉండి నేను పెంచాను. ఆ గొప్ప నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

డెబ్బైల మొదట్లో నేను కొండ ఫిరంగి దళంలో ఉన్నాను. దారి లేని కొండల్లో ఫిరంగిని లాక్కుపోలేం. ముక్కలుగా విప్పి కంచరగాడిదల మీద కట్టి తీసుకుపోవాలి. వాటిలో గొట్టం చాలా బరువు. ఇద్దరు మనుషులు ఒక్క ఊపులో దాన్ని భుజాల దాకా లేపి జీను మీద దించాలి. సగంలో ఆగితే గాడిద బెదురుతుంది, కింద ఉన్నవాడి కాలు పోతుంది. నాకు ఎత్తు ఉంది, ఎముకా ఉంది. ఆ ఎముక మీద ఉండాల్సిందే లేదు.

రాత్రి రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విడుపు, మళ్లీ కాపలా. తెల్లారితే నడక. మధ్యాహ్నం రొట్టె ఒక్కోరోజు సాయంత్రానికి చేతికొచ్చేది. మొదట్లో, కసరత్తంటే తెల్లవారుజామునే చేయాలని పట్టుబట్టి, కాపలా దిగిన ఎర్రకళ్లతోనే దండీలు తీసి, ఉన్న కాస్త కండా కరిగించుకున్నాను. తర్వాత గడియారాన్ని వదిలేశాను. నిద్ర దక్కిన రోజు బరువులు ఎత్తేవాణ్ణి, దక్కని రోజు ఒళ్లు విరుచుకుని ఊరుకునేవాణ్ణి. తిండి ఎప్పుడు కనబడితే అప్పుడు తినేవాణ్ణి. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నవాడెవడో సిపాయే అయ్యుంటాడు. మెల్లగా భుజాలకు ఒక రూపు రాసాగింది.

ఆ రూపు మా సుబేదారు కంటికి ఆనలేదు. సెలవు చీటీ చేతికిస్తూ, "వచ్చేటప్పుడు గొట్టం ఎత్తే మనిషివై రా. లేకపోతే సామాన్ల కొట్టులో కూర్చోబెడతాను" అన్నాడు. కొట్టులో దుప్పట్లు మడతపెట్టడానికి నేను సైన్యంలో చేరలేదు. ఎత్తుతాను సాబ్ అని చెప్పి రైలెక్కాను. దారి పొడుగునా అమ్మ వండే కోడికూర గురించే ఆలోచన.

ఇంటికొచ్చాక తెలిసింది, అది పెరటాసి నెల అని. మా చిత్తూరు వైపు పెరటాసి అంటే ఏడుకొండలవాడి నెల. శనివారాలు ఒక్కపొద్దు. నెలంతా ఇంట్లోకి నీచు రాదు, కోడిగుడ్డు కూడా గడప దాటదు.

"నెల పోనీ నాయనా, పుంజునే కోస్తాం" అంది అమ్మ. నెల పోతే నా సెలవూ పోతుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకొకటి. డెబ్బై ఒకటిలో యుద్ధం జరిగినప్పుడు అమ్మ ఒక మొక్కు మొక్కుకుంది. కొడుకు క్షేమంగా వస్తే వాడి బరువుకు బరువు బెల్లం కొండకు ఇస్తానని. అదీ అంగడి బెల్లం కాదు, మా మడిలో పండిన చెరుకు, మా గానుగలో ఆడిన బెల్లం. పెరటాసి చివరి శనివారం ఆ తులాభారం తీర్చాలి. నేను వచ్చిన మరునాడే నాయన బెల్లం వండే కొట్టంలో పెద్ద తక్కెడ వేలాడదీసి, ఒక తట్టలో నన్ను కూర్చోబెట్టి, రెండో తట్టలో బెల్లం ముద్దలు పేర్చాడు.

"నాలుగు ముద్దలు ఎక్కువెయ్ నాయనా. ఈ నెల్లో నేను బరువెక్కుతా" అన్నాను.

"పెరటాసిలోనా? నీచు లేకుండా కండ యాడినుంచి వస్తాదిరా?"

"మన ఎద్దులు యాడ తిన్నాయి నీచు?"

"అవి నాలుగు కాళ్ల మింద గట్టిగా నిలబడుండాయి. నువ్వు రెండు కాళ్ల మిందనే ఊగతా ఉండావు."

సరిగ్గా తూగిన బెల్లాన్ని పసుపు గుడ్డల్లో మూటలు కట్టారు. ఆ తర్వాత అమ్మ వాటిని ఎవరినీ తాకనివ్వలేదు.

నాకు రోషం వచ్చింది. ఆ రోషంతోనే తిన్నాను. పొద్దున్నే రాగి సంగటి, దాంట్లోకి ఉలవచారు. చేలో చెనక్కాయలు పీకుతుంటే పీకినన్ని పీకి, తిన్నన్ని తిన్నాను. మధ్యమధ్యలో చెంబెడు పాలు. శనివారం ఒక్కపొద్దే, కాదనను. ఆ ఒక్కపూట ఎంత తినాలో మాత్రం ఏ శాస్త్రంలోనూ రాయలేదు. కొట్టం వెనక పాత గానుగలోంచి ఊడదీసిన ఇనుప రోలరు పడి ఉండేది. దాన్నే ఫిరంగి గొట్టం అనుకున్నాను. మొదట మోకాళ్ల దాకా వచ్చింది. తర్వాత నడుం దాకా. ఎత్తడం అయ్యాక ఎక్కడ నీడ ఉంటే అక్కడ పడుకునేవాణ్ణి. పొద్దున పదిగంటలకు గురకపెట్టే కొడుకును చూసి అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో అని చూసేది. సిపాయి నిద్రకు పగలూ రాత్రీ లేవని ఆమెకు చెప్పి లాభం లేకపోయింది. సెలవు చివరికి వచ్చేసరికి ఇనుము నా భుజం మీద కూర్చుంది. నాయన అటుగా పోతూ చూశాడు.

చివరి శనివారం తిరుపతి చేరాం. సగం బెల్లం అమ్మతోపాటు కొండ బస్సులో పోయింది. మిగతా సగం నా వీపు మీద మెట్లెక్కింది. నాయన చేతిలో ఒక చిన్న సంచి.

"అది కూడా ఇటియ్యి నాయనా" అన్నాను.

"నీది నువ్వు మొయ్యి. దీన్ని నేను మోస్తా."

మోకాళ్ల పర్వతం దగ్గర జనమంతా మెట్లను పట్టుకుని గోవింద కొడుతుంటే, నేను మూట దించకుండా నిలబడి మంచినీళ్లు తాగాను. కొంచెం గర్వపడ్డాను కూడా. దేవుడు ఏమీ అనుకోలేదనే నా నమ్మకం.

తులాభారం దగ్గర నేను తట్టలో కూర్చున్నాను. రెండో తట్టలో మూటలన్నీ పెట్టారు. నా తట్ట లేవలేదు. ఇంకో మూట ఏదైనా మిగిలిందా అని అక్కడి మనిషి అడిగాడు. మిగల్లేదు.

నీచు ముట్టకుండానే బరువెక్కాను. ఎగిరి గంతేయాలనిపించింది. కానీ అమ్మ ముఖం తెల్లబోయింది. "మొక్కు కొరతబడిపోయనే. వడ్డీకాసులవాడు ఊరుకుంటాడా? అంగడి బెల్లం పనికిరాదే" అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కండ నాకే అపరాధంలా అనిపించి, తట్టలో ముడుచుకుని కూర్చున్నాను.

నాయన చిన్న సంచి విప్పాడు. అందులోనూ పసుపు గుడ్డే. మా గానుగ బెల్లమే. ఒక్కో ముద్దా తీసి తట్టలో పెట్టాడు. నేను మెల్లగా నేల వదిలి పైకి లేచాను. ముల్లు సరిగ్గా నిలబడేసరికి ఆయన చేతిలో ఇంకో ముద్ద మిగిలే ఉంది. దాన్ని నాకు చూపించి, "ఇంగొంచెం పెరిగుండాల్సింది రా" అన్నాడు. ఆ ముద్దను కూడా దేవుడికే ఇచ్చేశాడు.

దళానికి తిరిగిపోయిన రోజే సుబేదారు నన్నూ ఇంకో సిపాయినీ గాడిద పక్కన నిలబెట్టాడు. ఒక్క ఊపు. గొట్టం జీను మీద కూర్చుంది, గాడిద చెవి కూడా కదపలేదు. ఆయన మెచ్చుకోలేదు, రెండో గాడిద వైపు చెయ్యి చూపించాడు. ఆ తర్వాత నన్ను ఫిరంగి దగ్గర నుంచి ఎవరూ కదపలేదు.

మరుసటి సెలవులో, పెరటాసి కాదు, కోడికూర తింటూ నాయనను అడిగాను.

"ఆ సంచిలో ముద్దలు ఎప్పుడు పక్కన పెట్టినావు? నేను గానుగ ఇనుము ఎత్తేది చూసినాకనా?"

నాయన ఎముక కొరకడం ఆపకుండానే, "నిన్ను తూకమేసిన దినమే" అన్నాడు.