వెరీ మెకానికల్

సీసాలకు మూతలు బిగించే ఆ ఫ్యాక్టరీలో ఫిట్టర్లు రెండు తెగలు: మెకానికల్, ఎలక్ట్రికల్. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. కరెంటు పోతే చేతులు ముడుచుకునే పనీ ఒక పనేనా అని మెకానికల్ ఫిట్టరు స్పానర్ వెక్కిరించేవాడు. అతని అసలు పేరు జీతాలిచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

పాత ఫోర్‌మన్ దిగిపోతున్నాడనగానే స్పానర్‌కు ఆశ పుట్టింది. పుట్టదా మరి? చేరిన కొత్తలో, బెల్టు కాస్త పక్కకు జరిపితే సీసాలు పగలవని సలహా చెప్పబోతే, "బుర్ర గేటు దగ్గర పెట్టి రావయ్యా, చెప్పింది చెయ్యి చాలు" అన్నాడు మేనేజరు. అప్పటినుంచి తు.చ. తప్పకుండా చెప్పిందే చేస్తూ జుట్టు నెరిపించుకున్నాడు.

ఒక సాయంత్రం మీటింగు గది తలుపు బందులు బిగిస్తుంటే లోపల మేనేజరు తన ఊసెత్తడం వినబడింది. ఇంగ్లీషులో ఏదేదో చెప్పి, చివర్లో "వెరీ మెకానికల్" అన్నాడు. ఇక స్పానర్ నేల మీద నిలిస్తే ఒట్టు. ఉత్త మెకానికల్ కూడా కాదు, వెరీ మెకానికల్. ఇంటికెళ్లి చెబితే భార్య తమ్ముడికీ తోడికోడలికీ ఫోన్లు చేసి మరీ చాటింది.

వారం తిరక్కుండా ఫోర్‌మన్ పదవి ఎలక్ట్రికల్ వాడికి ఇచ్చారు. స్పానర్ తిన్నగా మేనేజరు గదిలోకి నడిచాడు.

"నన్ను వెరీ మెకానికల్ అన్నది మీరే కదండీ. మరి ఆ కరెంటతనికి ఎలా ఇచ్చారు?"

మేనేజరుకు నవ్వాగలేదు. "అది మెప్పు కాదయ్యా, తిట్టు. మనసు పెట్టవు, ఆలోచించవు, యంత్రంలాగా చేసుకుపోతావని."

"ఆలోచించొద్దన్నది తమరే కదండీ."

"అప్పుడేదో అన్నాను. నిజంగానే మానేస్తావనుకున్నానా?"

స్పానర్‌కు ఒళ్ళు మండింది. మొహం మీద కొట్టినట్టు ఒక్క మాట అనాలనుకున్నాడు. ఎంత వెతికినా తట్టలేదు. "వస్తానండీ" అని, ఎవరూ చెప్పకుండానే తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు.

పదవి రాలేదని విని భార్య అగ్గిమీద గుగ్గిలమైంది. "నోరున్నవాడిదే రాజ్యం. మీరు మెత్తగా ఉంటారని అలుసు" అంటూ తమ్ముడికి ఫోను కలిపింది. "మీ బావని వెరీ మెకానికల్ అని వాళ్ళే అన్నార్రా. అనీ, మొండిచెయ్యి చూపించారు."

స్పానర్ ఆపలేదు. ఆ మాటకు అర్థం చెబితే తిట్టుకు ఏడవదు ఆవిడ, తనవైపు తిరిగి "నిజమేనా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు అతను భయపడ్డాడు.