పోయినాయన ఓటు

ఈ ఉదయం అమీర్‌పేటలో మా వీధి బడికి ఓటేయడానికి వెళ్ళాను. వరుస గేటు దాటి ఉంది. వెనక్కి వెళ్ళిపోదామా అనుకుంటూ నిలబడ్డాను. నా ముందు, పక్క వీధి హాస్టల్లో వంట చేసే యాదమ్మ ఉంది. ఆమె చేతిలో రెండు ఓటరు చీటీలున్నాయి. ఒకటి తీసి, వరుస పక్కనే ఓటర్ల జాబితాతో కూర్చున్న ఉద్యోగికిచ్చింది.

"ఇది మా ఆయనది సార్. దసరా ముందట పోయిండు. పేరు కొట్టెయ్యుండ్రి."

"ఎలక్షన్లు అయినంక ఫారం నింపియ్యమ్మా, తీసేస్తం."

"అయినంక గాదు సార్, ఇయ్యాల్నే. ఆయన ఒక్క ఓటు సుత తప్పలే. ఎవలకేసిండో నాకు సుత చెప్పలే. గిప్పుడు ఎవడో వచ్చి ఆయన పేరు మీద బటన్ ఒత్తితే ఎట్ల?"

అతను పేరు వెతికి, పక్కన ఒక మాట రాశాడు. లోపలి అధికారికీ చెప్పి వచ్చాడు.

"ఏం రాసిండు?" అని యాదమ్మ నన్నడిగింది.

"మరణించారు" అని చదివాను. ఆమె కళ్ళు తుడుచుకుని వరుసలో ముందుకు జరిగింది. ఆ వెనకే నేనూ జరిగాను. ఇద్దరం ఓటేశాం.

ఇంటికొచ్చి ఫోన్లో ఓటర్ల జాబితా తెరిచాను. మా నాన్నగారు పోయి మూడేళ్ళయినా ఆయన పేరు నా పేరు పైనే ఉంది. తీయించడానికి తీరిక లేదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి తీరిక కాదు. మీ ఇంట్లోనూ ఎవరి పేరైనా ఇలాగే ఉండిపోయిందా?