బాపుకు తోట చూపించిన డ్రోను

బాపు మోకాలికి ఆపరేషన్ అయిన ఏడాదే నేను డ్రోను కట్టడం మొదలుపెట్టాను. నిజానికి ఈ రెండింటికీ సంబంధం లేదు. హైదరాబాద్ నుంచి మోటార్లు, రెక్కలు అంతకు ముందే తెప్పించి పెట్టుకున్నాను. కానీ నడవలేని తండ్రికి తోట చూపించడానికి కొడుకు ఎన్ని తిప్పలు పడుతున్నాడోనని చుట్టాలు మెచ్చుకుంటుంటే, కాదనడం మర్యాదగా అనిపించలేదు.

వాళ్లు మెచ్చుకున్నంతసేపైనా అది ఎగిరేది కాదు. చిట్యాలలో నాది ఇన్వర్టర్ల, బ్యాటరీల దుకాణం. కరెంటు పోయినా మీ ఫ్యాన్ ఆగదని ఊరందరికీ హామీ ఇచ్చే మనిషిని. అట్లాంటివాడు కట్టిన డ్రోను, పొయ్యి మీద పాలు పొంగేలోపే చార్జింగ్ అయిపోయి దిగేది. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, "ఏంరా, నీ తుమ్మెద అప్పుడే అలిసిపోయిందా?" అనేది.

మా ఇల్లు రామన్నపేట దగ్గరి ఊళ్లో, ఊరి చివర ఉంటుంది. వాకిట్లోంచే బత్తాయి తోట మొదలై, రాళ్లూ గుంతలూ ఉన్న నేల మీద వాలుగా చాలా దూరం పోతుంది. ఆ నేల మీద నడవొద్దని దవాఖానలో బాపుకు గట్టిగా చెప్పారు. కాబట్టి ఆయన నులకమంచం మీద కూర్చుని, నా ఫోన్‌లో చెట్లను చూసేవాడు. సగం తోట దాటగానే నేను డ్రోనును వెనక్కి తిప్పాల్సి వచ్చేది.

"గప్పుడే మలిపినవేందిరా? జర ముందుకు పోనియ్యి."

"బ్యాటరీ అయిపోతది బాపూ."

"నీ దుకాణంల బ్యాటరీలకు కరువా?"

మాట నిజమే అనిపించింది. దుకాణానికి వచ్చేవాళ్లకు నేను చెప్పే మందే దీనికీ వేశాను. బ్యాకప్ చాలకపోతే పెద్ద బ్యాటరీ. పెద్దది కట్టి ఎగరేస్తే డ్రోను మూలుగుతూ లేచి, మునుపటికన్నా ముందే దిగింది. కొత్త బ్యాటరీలోని బలమంతా ఆ బ్యాటరీని మోయడానికే సరిపోతోందని బాపుకు వివరించాను.

"అంటే ఎద్దు మేత ఎద్దు మీదనే ఏసినవు," అన్నాడు బాపు సంతోషంగా. వారం రోజుల పాటు వచ్చినవాళ్లందరికీ ఈ మాట చెప్పుకున్నాడు.

అప్పుడు బరువు తగ్గించే పనిలో పడ్డాను. నా బరువు తగ్గించుకోమని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా వినని నేను, డ్రోను నుంచి ఒక్కో స్క్రూ పీకుతూ కూర్చున్నాను. రంగురంగుల లైట్లు పోయాయి. పైన అందంగా ఉండే మూత పోయింది. పెద్ద కెమెరా తీసి గోరంత కెమెరా పెట్టాను. రెక్కలు దేనికీ తగలకుండా చుట్టూ ఉండే కంచె తీసేశాను. చివరికి కాళ్లు కూడా తీసేశాను. ఆ తర్వాత అది నేల మీద దిగలేకపోయేది. మడతపెట్టిన గొంగడి పరిచి దాని మీద పడేసుకోవాల్సి వచ్చేది. కొనేటప్పుడు అందంగా ఉన్నదంతా చెత్తబుట్టలో ఉంది. ఎగిరేది మాత్రం ఉత్త ఎముకల గూడు.

చిన్న రెక్కలు తీసి పొడవైనవి వేశాను. అవి మెల్లగా తిరుగుతూనే గాలిని ఎక్కువగా నెడతాయి. బ్యాటరీ కూడా మార్చాను. పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే రకం సెల్స్ తెచ్చి, నేనే జోడించి ప్యాక్ కట్టాను. అదే బరువులో ఇవి ఎక్కువ కరెంటు దాచుకుంటాయి, కానీ నిదానస్తులు. మెల్లగా అడిగితే చివరిదాకా ఇస్తాయి, ఒక్కసారిగా లాగితే చేతులెత్తేస్తాయి. అందుకని నేనూ నిదానంగా నడపడం నేర్చుకున్నాను. గాలి లేని పొద్దుటిపూట, చెట్ల తలలకు కొంచెం ఎత్తులో, ఎక్కడా గుంజకుండా.

డ్రోను ఇప్పుడు పప్పు ఉడికేదాకా గాలిలో ఉండేది. మొదటిసారి తోట చివరిదాకా పోయిన రోజు, బాపు ఏమంటాడోనని మొహం వంక చూశాను. మా చెట్లను ఆయన ఒక్క చూపు చూశాడు.

"మంచిగనే ఉన్నయ్. గట్టు దాటియ్యి."

గట్టు అవతల చిన్నబాపు తోట. ఆయన బాపు సొంత తమ్ముడు. ఆ గట్టు ఎవరి వైపు ఎంత జరిగిందన్న పంచాయితీలో ఇద్దరికీ మాటలు పోయి చాలా ఏళ్లయింది. పెళ్లిళ్లలో కూడా వేరువేరు బంతుల్లో కూర్చునేవారు. నేను నెలల తరబడి గ్రాము గ్రాము కూడబెట్టిన సమయాన్ని, బాపు తమ్ముడి కాయలు లెక్కపెట్టడానికి వాడుకున్నాడు.

"నా కాయంత లేదు గదా?"

"లేదు బాపూ."

"నాకు తెల్సు."

నాలుగు రోజులు ఇదే సాగింది. అయిదో రోజు అవతలి మూలన చెట్లు ఆకు ముడుచుకుని, పసుపు తిరిగి కనిపించాయి. బాపు ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"బోరు ఎండినట్టుందిరా. నీళ్లు అందుతలెవ్వు."

ఆయన గొంతులో సంతోషం ఉండాలి. వెతికాను, దొరకలేదు. ఆ మధ్యాహ్నం అన్నం సగంలోనే చేయి కడుక్కున్నాడు. అమ్మ అడిగితే, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. మర్నాటి నుంచి మా తోట చూడటమే మానేశాడు. డ్రోను లేవగానే, "సక్కగ గా మూలకే తోలు," అనేవాడు.

ఒక పొద్దున ఆ మూలన చిన్నబాపే కనిపించాడు. ఎండిన చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చప్పుడుకు తల ఎత్తి నేరుగా కెమెరాలోకి చూశాడు. నా పక్కనే ఉన్న బాపు, తమ్ముడు ఎదురుగా వచ్చి నిలబడ్డట్టే ఉలిక్కిపడ్డాడు.

"చూసిండురా! లేపు, పైకి లేపు!"

కంగారులో రిమోట్ మీది పుల్లను ఒక్కసారిగా పైకి నెట్టాను. నిదానంగా అడగాలని నెలల తరబడి నేర్చుకున్నది ఆ క్షణంలో మరిచిపోయాను. సెల్స్ చేతులెత్తేశాయి. తెర మీద ఆకాశం, కొమ్మలు, చిన్నబాపు తలపాగా వరుసగా గిర్రున తిరిగి, ఆకుల్లో ఆగిపోయాయి. తీసేసిన కంచె ఉండి ఉంటే రెక్కలైనా దక్కేవి.

కాసేపటికి చిన్నబాపు మా వాకిట్లోకి వచ్చాడు. అన్నేళ్లలో ఆయన మా గడప దగ్గరికి రావడం అదే మొదలు. చేతిలో డ్రోనును చచ్చిన కోడిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మాట్లాడింది మాత్రం నాతో, ఆకాశం వైపు చెయ్యి చూపిస్తూ.

"మీ బాపుకు చెప్పు. గట్టు సాలక ఇప్పుడు మొగులు గూడ గుంజుకుంటుండా అని."

బాపు నేను చెప్పేదాకా ఆగలేదు. మంచం మీంచే అందుకున్నాడు. "గట్టు గుంజుకున్నది ఎవడ్రా?"

ఇక మొదలైంది. గట్టు, దాని మీద కొట్టేసిన తుమ్మచెట్టు, ఎవరి పెళ్లిలోనో ఎవరో అన్న మాట, అన్నీ బయటికి వచ్చాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది గానీ ఆపలేదు. అన్నదమ్ములిద్దరూ అరిచి అరిచి, గొంతు బొంగురుపోయే దశకు వచ్చాక బాపు అన్నాడు:

"చెట్లు ఎండుతుంటే చెప్పనీకి నోరు లేదార నీకు?"

"చెప్తే నీళ్లిస్తుంటివా?"

"అడిగితే గదా తెల్సేది!"

చిన్నబాపు డ్రోనును వాకిట్లో పెట్టి, చేతులు దులుపుకుని, అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ లోపలికి పోయి చాయ్ పెట్టింది.

ఆ వారంలోనే మా బోరు నుంచి గట్టు మీదుగా పైపు పడింది. గట్టు పంచాయితీ మాత్రం తెగలేదు. పైపు ఎవరి వైపు ఎక్కువ పోతోందన్నది ఇంకొకటి దానికి తోడైంది. చిన్నబాపు పొద్దున్నే వచ్చి, రెండు తోటల సంగతులూ చెట్టు చెట్టు వరుసన చెప్పేవాడు. ఏ చెట్టుకు పూత వచ్చింది, దేనికి బంక కారుతోంది, ఎక్కడ కోతులు దిగాయి. చార్జింగ్ అక్కర్లేని మనిషి. ఆయన చెప్పేదాని ముందు నా గోరంత కెమెరా ఎందుకూ పనికిరాదు.

నేను కొత్త రెక్కలు తెప్పించి, డ్రోనును మళ్లీ నిలబెట్టాను. పోయిన చలికాలంలో ఒక పొద్దున గాలి ఆకు కూడా కదలనంతగా నిలిచిపోయింది. ఆ పూట ఎగిరినంతసేపు అది ఎన్నడూ ఎగరలేదు. అమ్మ అన్నం, పప్పు, కూర కూడా వండేసింది, ఇంకా గాలిలోనే ఉంది. ఎవరికైనా చూపించాలని ఆత్రంగా, అరుగు మీద మాటల్లో పడి ఉన్న ఇద్దరి తలల మీదికి దాన్ని తెచ్చి నిలిపాను.

బాపు తల కూడా ఎత్తలేదు.

"గా మోత బంద్ జెయ్‌రా. వీడు చెప్పేది ఇనపడ్తలేదు."