అక్క పెట్టని సంతకం

పోయిన వారం మంగళవారం మధ్యాహ్నం నేను మీటింగ్‌లో ఉండగా అక్క కూతురు ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మ ఇంక లేదు," అంది. నేను మీటింగ్‌లోంచి లేచి బయటికొచ్చాను.

అక్క నాకు రక్తసంబంధం కాదు. అమెరికాలో, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో నా మొదటి ఉద్యోగంలో మా టీమ్ లీడ్. చేరిన వారంలోనే, "లంచ్ టేబుల్ దగ్గర అక్కా అను. మీటింగ్‌లో మాత్రం పేరుతో పిలువు, లేకపోతే ఈ అమెరికన్లు అదే నా పేరనుకుంటారు," అంది. అప్పటినుంచి నాకు అక్కే.

మా కంపెనీ తయారు చేసేది వాతావరణం చెప్పే యాప్. వాన ఎన్నింటికి మొదలవుతుందో, ఎంతసేపు పడుతుందో చెప్పేది. అందుకు మీరున్న చోటు దానికి తెలియాలి. "అనుమతిస్తారా?" అని అడుగుతుంది. మీరు సరేనని నొక్కుతారు. అందరూ నొక్కుతారు. అలా వచ్చిన చోట్ల వివరాలను మా కంపెనీ ఒక దళారీ సంస్థకు అమ్మేది. పేర్లు తీసేసి అమ్ముతున్నాం కాబట్టి తప్పేమీ లేదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. నేను నమ్మాను.

అక్క నమ్మలేదు. తన ఫోన్‌లో ఏ యాప్ వేసుకున్నా అది అడిగే అనుమతులన్నీ పైకి చదివేది, అల్లరి పిల్లను నిలదీసినట్టు. ఒకసారి టార్చ్‌లైట్ యాప్ ఒకటి ఫోన్ నంబర్లన్నీ చూస్తానని అడిగింది. "నువ్వు దీపానివి కదమ్మా, మా అత్తగారి నంబరు నీకెందుకు?" అంది. టేబుల్ చుట్టూ అందరం నవ్వాం. ఆమె నవ్వకుండా దాన్ని తీసేసి, ఫ్లాస్క్‌లోంచి మజ్జిగ పోసుకుంది.

నా నమ్మకాన్ని ఆమె ఒక సాయంత్రం పదినిమిషాల్లో పోగొట్టింది. "నీ ఫోన్‌ని మన డేటాలో వెతకనా? నువ్వు ఓకే అంటేనే," అని అడిగింది. అన్నాను. ఆమె స్క్రీన్ మీద మ్యాప్ తెరిచింది. పేరు లేదు, నంబరు లేదు, ఒక చుక్క మాత్రమే. ఆ చుక్క రోజూ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో నిలిచింది. శనివారం గుడికి వెళ్లింది. రెండుసార్లు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లింది. మూడుసార్లు, నేను మా అమ్మకు కూడా చెప్పని ఒక క్లినిక్‌కి వెళ్లింది. నేను లేచి కిటికీ దగ్గరకు వెళ్లిపోయాను.

"చుక్క రాత్రి ఎక్కడ పడుకుంటుందో చెప్పు, పేరు నేను చెప్తాను," అంది అక్క వెనకనుంచి. "పేరు తీసేయడం అంటే ఇంటి తలుపుకున్న బోర్డు పీకడం. ఇల్లు అక్కడే ఉంటుంది."

మా ఆఫీసు శుభ్రం చేయడానికి సాయంత్రాలు ఒకామె వచ్చేది, హోండురాస్ నుంచి. అక్కకు ఆమె అంటే ఇష్టం. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లిష్ వేర్వేరు రకాలైనా పిల్లల చదువుల గురించి గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఆమె దిగే బస్ స్టాప్‌కి పైకప్పు లేదు. ఒకరోజు తడిసి వస్తే అక్కే ఆమె ఫోన్ తీసుకుని మా యాప్ వేసి, అనుమతి కూడా తన వేలితోనే నొక్కింది. ఆమె భర్త ఇళ్లకు కప్పులు వేసే పనివాడు. వాన సంగతి అతనికి ఇంకా అవసరం కదా అని ఆమె అతని ఫోన్‌లోనూ వేసింది.

వాషింగ్టన్‌లో గాలి మారి, కాగితాలు లేని వాళ్ల కోసం వేట మొదలైన ఏడాది అది. ఒక తెల్లవారుజామున, పనికి బయల్దేరుతుంటే, అతన్ని ఇమిగ్రేషన్ వాళ్లు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే పట్టుకుని తీసుకుపోయారు. రెండు రోజుల తర్వాత ఆమె ఆఫీసు తాళాలు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. "వాళ్లకెలా తెలిసింది?" అని అక్కను అడిగింది. "అడ్రస్ మార్చి రెండు నెలలే. అయిదున్నరకి బయల్దేరతాడని ఎవరికీ చెప్పలేదు." అక్క ఆమె చేతులు పట్టుకుని నిలబడింది. ఆమెను మేం మళ్లీ చూడలేదు.

ఆ వారంలోనే కొత్త కాగితం వచ్చింది. ఒక ప్రభుత్వ శాఖకు పనిచేసే కాంట్రాక్టర్ మా డేటాను నేరుగా కొంటాడట. ఇప్పటిదాకా దళారీ ద్వారా కొంటూనే ఉన్నాడని అందులోనే రాసి ఉంది. ఇకనుంచి గంటకోసారి కాదు, అయిదు నిమిషాలకోసారి కావాలి. కొన్ని కౌంటీలవి, అంటే కొన్ని జిల్లాలవి, మాత్రమే కావాలి. 'ఈ డేటాతో ఏ వ్యక్తినీ గుర్తుపట్టడం సాధ్యం కాదు' అన్న వాక్యం కింద టీమ్ లీడ్ సంతకం పెట్టాలి.

"అక్కా, ఆవిడ భర్త ఫోన్ అందులో ఉందేమో చూద్దామా?" అన్నాను. నాకు తెలుసుకోవాలని ఉంది.

"చూస్తే మనకీ వాళ్లకీ తేడా ఏముంటుంది?" అంది. కాగితం పక్కకి తోసి, "మన వల్లేనేమో. కాదేమో. మనకి ఎప్పటికీ తెలీదు. తెలీకుండా ఉండేలాగే కట్టాం కదా దీన్ని," అంది.

ఆమె సంతకం పెట్టలేదు. డైరెక్టర్ మర్యాదగానే పిలిచి మాట్లాడాడు. లాయర్లు చూశారని, చట్టంలో అడ్డేమీ లేదని చెప్పాడు. తిరిగొచ్చి నాతో అంది: "అడ్డు లేదన్నది నిజమే. ఫోన్ కంపెనీని అడగాలంటే వాళ్లు జడ్జి దగ్గరకెళ్లాలి. మన దగ్గరకైతే క్రెడిట్ కార్డు తెచ్చుకుంటే చాలు. కానీ ఆ వాక్యం అబద్ధం. అబద్ధం కింద నా పేరు రాయను."

ఆరు వారాల తర్వాత టీమ్‌ను పునర్వ్యవస్థీకరించారు. పోయిన ఉద్యోగం ఒక్కటే, ఆమెది. పదమూడేళ్లు హెచ్-వన్ వీసా మీద పనిచేసి గ్రీన్ కార్డ్ వరుసలో నిలబడ్డ మనిషి, ఉద్యోగం పోయినవాళ్లకిచ్చే అరవై రోజుల గడువులో భర్త వీసా మీద డిపెండెంట్‌గా మారింది. పని చేసుకునే అనుమతి రావడానికి ఏడాది దాటింది.

ఆమె పనులతో పాటు ఆ కాగితం కూడా తర్వాత నా దగ్గరికి వచ్చింది. నా వీసా ఎక్స్‌టెన్షన్‌కి కంపెనీ అప్పుడే అప్లై చేసింది. నేను సంతకం పెట్టాను. పెన్ను కూడా అక్కర్లేదు, మౌస్‌తో ఒక క్లిక్. ఆ రోజు లంచ్ కూడా తిన్నానని గుర్తు.

ఖాళీగా ఉన్న ఆ ఏడాది అక్క శనివారాలు లైబ్రరీలో ఒక బల్ల దగ్గర కూర్చునేది. ఎవరు వచ్చినా వాళ్ల ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, ఎక్కడ ఏది ఆపాలో చూపించేది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు, కాలేజీ పిల్లలు, ఒక చర్చి పాస్టర్. ఎవరి ఫోన్‌నీ తను ముట్టుకునేది కాదు. "ఒకసారి ముట్టుకున్నాను," అనేది, అంతకుమించి చెప్పేది కాదు.

నేను ఆ లైబ్రరీ వైపు వెళ్లేదాన్ని కాదు. కేన్సర్ అని తెలిశాకే మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. మూడో కీమో అయింది. జుట్టు లేదు, తలకి కూతురి ఊలు టోపీ పెట్టుకుంది. మజ్జిగ వాసన పడటం లేదంది. ఉద్యోగాల గురించి, పిల్ల కాలేజీ గురించి మాట్లాడాం. లేవబోతూ అనేశాను.

"అక్కా, ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాను."

"తెలుసులే. నీ వీసా సంగతి నాకు తెలీదా?"

"నన్ను క్షమించు."

ఆమె టోపీ సర్దుకుని నా వైపు చూసింది. కోపం లేదు. "నేను క్షమించడానికి ఏముంది? అది నా మీద పెట్టిన సంతకం కాదుగా," అంది. తర్వాత, నేను ఏడుస్తుంటే, పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చింది. "నాదీ ఒక వేలు ఉంది అందులో," అంది మెల్లగా.

ఆ కంపెనీని తర్వాత ఇంకో పెద్ద కంపెనీ కొనుక్కుంది. నేను బయటికొచ్చేశాను. యాప్ నడుస్తూనే ఉంది, చుక్కలు అయిదు నిమిషాలకోసారి కదులుతూనే ఉన్నాయి. ఏ ఫోల్డర్‌లోనో నా పేరూ ఉంది. ఇది చదువుతున్న మీ చుక్క కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. ఎవరైనా గట్టిగా కాదంటే ఇది ఆగిపోతుందని రాయాలని ఉంది. అక్క కాదంది, ఆగలేదు. అయినా ఆమె కాదంది. నాకు తెలిసిన గొప్పతనం ఇంతే.

పదకొండో రోజుకి పక్క ఊరు క్యారీలో వాళ్లు కొత్తగా మారిన ఇంటికి వెళ్లాలి. లొకేషన్ పంపమని పిల్లకి మెసేజ్ పెట్టాను. ఫోన్ చేసింది. "అమ్మకి లొకేషన్ పిన్ పంపడం ఇష్టం లేదు ఆంటీ. స్ట్రీట్ పేరు చెప్తాను, రాసుకోండి. అక్కడ అన్ని ఇళ్లు సేమ్ ఉంటాయి. నేను కార్నర్‌లో నిల్చుంటాను."

సన్నగా వాన పడుతోంది. ఒకే రంగు గరాజ్ తలుపుల వరసలు దాటి మలుపు తిరిగేసరికి పిల్ల కనిపించింది. తెల్ల చుడీదార్ మీద కాలేజీ జాకెట్, చేతిలో గొడుగు లేదు. నా ముందు రెండు కార్లు, వెనక ఇంకో మూడు. ఒక్కో కారు దగ్గరికి వస్తుంటే ముందుకు వంగి, అద్దంలోంచి ముఖం చూసి గుర్తుపట్టి, ఇటు అని చెయ్యెత్తి చూపిస్తోంది.