వంశవృక్షంలో లేని అక్క

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పింది రెండు వాక్యాలే. ఆ తర్వాత స్త్రీల హక్కుల మీద ఎన్ని వ్యాసాలు రాశానో, ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో. వాటిలో ఒక్కటైనా మీరు చదివి ఉంటే, ఇదీ చదవండి.

నాగలమడిక దగ్గర మా నాన్న వదిలివెళ్ళిన తాతలనాటి మెట్టచేను అప్పట్లో సోలార్ పార్కు లీజుకు పోతోంది. అందుకు వంశవృక్షం కావాల్సి వచ్చింది. నాన్నకు పిల్లలెందరో చూపే కాగితమది. సంగతి విని అక్క వై.ఎన్.హొసకోట నుంచి బస్సెక్కి వచ్చింది. నన్ను చదివించడానికి బడి ముఖం చూడకుండా గొర్రెల వెంట నడిచిన అక్క. సాయంత్రాలు నేను పలక మీద దిద్దించిన అక్షరాలే ఆమె చదువు.

"ఇందులో నా పేరు యాడ రాస్తారప్పా?" అంది.

"నీ పేరు రాదక్కా. కర్ణాటక చట్టం రాకముందే పెండ్లయిన ఆడబిడ్డలకి భాగం లేదు."

"అయితే మీ బావ ఇంకో రెండేండ్లు ఆగి తాళి కట్టింటే నేను నాయనకి కూతుర్నయ్యేదాన్నా?" అని నవ్వింది. "సరేలే, సదివినోడివి. నువ్వు చెప్పినాక ఇంకేంది."

రాష్ట్ర చట్టంలో ఆ మాట ఉంది. కానీ తర్వాత వచ్చిన కేంద్ర చట్టం పెళ్ళెప్పుడైందని అడగదు. పుట్టావా అని మాత్రమే అడుగుతుంది. రెండూ ఢీకొన్నచోట నిలిచేది కేంద్ర చట్టమే. అది వచ్చేనాటికి నాన్న బతికే ఉన్నాడు. ఇదంతా నాకు తెలుసు. దాన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాసిందీ నేనే.

అంతటితో ఆగానా? ఆడబిడ్డను సాగనంపే తంతు అని నేను వెక్కిరించిన ఒడిబియ్యాన్ని ఆ రోజు నేనే పోయించాను. చీర, పసుపు, కొబ్బరి, కొంగు నిండా బియ్యం. ప్రేమేనా అది? నిండిన ఒడి ఇంకేమీ అడగదన్న లెక్కా? తమ్ముడు మారాడని అక్క ఊరంతా చెప్పుకుంది. ఆమెకు కొడుకులున్నారు, చేను చూసుకున్నది నేను, కోర్టుల్లో ఇంకా వాదాలున్నాయి అంటూ నాకు నేను చెప్పుకున్న సాకుల్లో ఒక్కటి ఇంకొకడి నోట విన్నా వేదిక మీదే చీల్చి చెండాడి ఉండేవాణ్ణి.

ఇంతవరకు రాసింది మొన్న అక్క చేతికిచ్చాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. నేను దిద్దించిన అక్షరాలతోనే నన్ను చదివింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. కొత్త వంశవృక్షం కోసం రాసిన అర్జీ చూపించాను. నాన్న కింద మొదటి పేరు ఆమెది, పెద్దబిడ్డ కాబట్టి. తర్వాత నాది.

ఆ కాగితాలన్నీ మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"సోమారం పావగడ తాలూకాఫీసుకి నేనే వస్తా. నువ్వు పక్కన కూచో. మాట్లాడేది నేను."

సరేనన్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, మాట్లాడే పని నాది కాదు.